ఒంటరిగా కొండల్లోకి వెళ్తుంటే శాటిలైట్ మెసెంజర్ కావాలా, ఐఫోన్ చాలదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్‌వ్యూలో ఉంటారు. ఆగస్టులో మౌంట్ రెయినియర్ చుట్టూ ఉన్న వండర్‌ల్యాండ్ ట్రయల్‌లో లాంగ్‌మైర్ నుంచి గోల్డెన్ లేక్స్ దాకా వెళ్లి, అదే దారిన వెనక్కి రావడానికి 5 రోజుల పర్మిట్ దొరికింది. తోడు ఎవరూ లేరు. ఇంట్లో మీ ఆవిడ టెన్షన్ పడుతున్నారు. ఐఫోన్‌లోనే శాటిలైట్ ఎస్ఓఎస్ ఉన్నప్పుడు మూడు నాలుగు వందల డాలర్లు పెట్టి ఇంకో పరికరం (ఫోన్ సిగ్నల్ లేని చోట ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్) కొనడం, దానికి నెలనెలా సబ్‌స్క్రిప్షన్ కట్టడం అవసరమా అని అడిగారు. డిసెంబర్‌లో ఉత్తరాఖండ్ ట్రెక్‌కి కూడా అది పనికొస్తుందా అన్నది రెండో ప్రశ్న.

సూటిగా చెప్తాను. కొనండి, లేదా ఈ ఒక్క ట్రిప్‌కి అద్దెకు తీసుకోండి. ఐఫోన్‌ని రెండో దారిగా ఉంచుకోండి. ఇండియాకి మాత్రం ఆ పరికరాన్ని అసలు తీసుకెళ్లకండి, అక్కడ అది కేసు అవుతుంది. ఎందుకో వివరంగా రాస్తాను. నేను వాషింగ్టన్ కొండల్లో తిరగడం మొదలుపెట్టి 15 ఏళ్లు దాటింది. మొదటి కొన్నేళ్లు ఇలాంటిదేమీ లేకుండానే తిరిగాను. ఆ తర్వాత ఇది లేకుండా ఒక్క రాత్రి కూడా బయట పడుకోలేదు. ఆ మార్పు ఎలా వచ్చిందో చెప్తే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంటుంది.

2013 జూన్ చివర్లో నేనూ ఒక స్నేహితుడూ నార్త్ కాస్కేడ్స్‌లో రెండు రాత్రుల ట్రిప్‌కి వెళ్లాం. జూన్ అంటే కింద ఎండాకాలమే గానీ, 5,000 అడుగుల పైన దారి మీద ఇంకా గట్టి మంచు ఉంటుంది. అలాంటి మంచు వాలు దాటుతూ అతను జారాడు. ముప్ఫై అడుగులు జారి కింద రాళ్లకు తగిలాడు. మోకాలి కింద ఎముక విరిగిందని చూడగానే తెలిసింది. సమయం మధ్యాహ్నం మూడు. మా ఇద్దరి ఫోన్లలోనూ సిగ్నల్ లేదు. అతని కింద మ్యాట్ పరిచి, రెండు స్లీపింగ్ బ్యాగులూ కప్పి, నీళ్లూ తిండీ చేతికి అందేలా పెట్టి, నేను ఒక్కడినే 9 మైళ్లు వెనక్కి నడిచాను. కారు ఎక్కి ఇంకో అరగంట నడిపాకే ఫోన్ పలికింది. 911కి చెప్పేసరికి రాత్రి ఎనిమిదిన్నర. వాలంటీర్లు అతని దగ్గరికి చేరేసరికి తెల్లవారుజామున మూడున్నర అయింది. అతను బతికాడు, కాలులో ప్లేటు వేశారు, ఇప్పుడు బాగా నడుస్తాడు. కానీ ఆ పన్నెండున్నర గంటలు అతను ఒక్కడే పడుకుని ఉన్నాడు. నేను వెళ్లానో, దారి తప్పానో, నాకే ఏదైనా అయిందో అతనికి తెలియదు. అతను ఉన్నాడో లేదో నాకు తెలియదు. ఆ రాత్రి గురించి మేమిద్దరం ఇప్పటికీ ఎక్కువ మాట్లాడుకోం.

ఐదేళ్ల తర్వాత, 2018లో, గ్లేసియర్ పీక్ వైల్డర్‌నెస్‌లో మా నలుగురిలో ఒకామె వేరు మీద కాలు మడతపడి మడమ దగ్గర విరగ్గొట్టుకుంది. ఈసారి నా దగ్గర రెండు వైపులా మెసేజ్ నడిచే పరికరం ఉంది. ఎస్ఓఎస్ నొక్కిన పావుగంటకి అవతలి నుంచి మొదటి మెసేజ్ వచ్చింది: ఏమైంది, ఎంతమంది ఉన్నారు, రక్తం పోతోందా, తెలివిలో ఉందా అని. గంట దాటేలోపే, బృందం బయలుదేరుతోంది, కింద లోయలో మబ్బు కమ్మి ఉంది కాబట్టి హెలికాప్టర్ రాదు, నడిచే వస్తారు అని కబురు. వాళ్లు చేరడానికి ఎనిమిది గంటలు పట్టింది. అక్కడి నుంచి ఆమెను స్ట్రెచర్ మీద ట్రయల్‌హెడ్‌కి, అంటే దారి మొదలయ్యే చోటికి, దించడానికి ఇంకా చాలా సమయం పట్టింది. ఆరుగురు మోస్తుంటే ఇంకో ఆరుగురు పక్కన నడుస్తూ చేతులు మార్చుకుంటూ వచ్చారు.

ఈ రెండు సంఘటనలూ పక్కపక్కన పెట్టి చూడండి. మనుషులు నడిచి రావడానికి పట్టిన సమయం రెండుసార్లూ ఇంచుమించు ఒక్కటే. కొండ కొండే, చీకటి చీకటే. తగ్గింది ఒక్కటే: ఆపద జరిగిన క్షణానికీ, ఆ సంగతి బయటివాళ్లకు తెలిసిన క్షణానికీ మధ్య ఉన్న ఖాళీ. మొదటిసారి అది ఐదున్నర గంటలు, రెండోసారి పావుగంట. ఈ పరికరం చేసేది అంతే. అయితే మీరు ఒంటరిగా వెళ్తున్నారు. నేను 9 మైళ్లు నడిచి వెళ్లి చెప్పాను. మీకు కాలు విరిగితే నడిచి వెళ్లి చెప్పే మనిషే ఉండడు. మీ విషయంలో ఆ ఖాళీ, ఎవరో ఆ దారిన వచ్చి చూసేదాకా, లేదా ఐదో రోజు రాత్రి మీరు ఇంటికి రాలేదని మీ ఆవిడ ఫోన్ చేసేదాకా ఉంటుంది. అందుకే ఒంటరిగా వెళ్లేవాళ్లకి నేను అవును అని గట్టిగా చెప్తాను. రోజూ వందల మంది నడిచే దారిలో పగలు వెళ్లి సాయంత్రానికి వచ్చేవాళ్లకైతే ఇంత గట్టిగా చెప్పను.

ఇక ఐఫోన్ సంగతి. ఐఫోన్ 14 నుంచి శాటిలైట్ ఎస్ఓఎస్ ఉంది, అమెరికాలో 2022 నవంబర్‌లో మొదలైంది. ఐఓఎస్ 18 నుంచి ఇక్కడ మామూలు మెసేజ్‌లు కూడా శాటిలైట్ ద్వారా పంపొచ్చు. పిక్సెల్ 9 నుంచి గూగుల్ ఫోన్లలోనూ ఎస్ఓఎస్ వచ్చింది. 2025లో టీ-మొబైల్ వాళ్లు స్టార్‌లింక్ ఉపగ్రహాలతో మెసేజ్ సేవ తెచ్చారు. ఇవన్నీ నిజంగా పనిచేస్తాయి, మనుషుల ప్రాణాలు కాపాడాయి. జేబులో ఉన్న ఫోన్‌తో ఇది సాధ్యమైనందుకు నాకు చాలా సంతోషం. మీ దగ్గర అదొక్కటే ఉంటే, అదే వాడండి.

అయినా దాన్ని మొదటి ఆధారంగా పెట్టుకోవద్దని ఎందుకంటున్నానంటే, ఆ ఐదు రోజులూ మీ ఫోన్ ఎన్ని పనులు చేస్తుందో ఒకసారి లెక్కేయండి. మ్యాప్ అదే. కెమెరా అదే. టార్చ్ పోతే టార్చ్ అదే. రాత్రి టెంట్‌లో పాటలు వినేది అందులోనే. జేబులోంచి రోజుకి యాభైసార్లు తీస్తారు, పెడతారు. అంటే కిందపడేది, తడిసేది, చార్జింగ్ అయిపోయేది అదే. మీరు రాళ్ల మీద పడితే మొదట పగిలేది కూడా ఫోన్ అద్దమే. పైగా చలికి లిథియం బ్యాటరీ శక్తి చప్పున పడిపోతుంది. సాయంత్రం 40 శాతం చూపించిన ఫోన్ తెల్లారి చలిలో ఆరిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఐఫోన్ ఎస్ఓఎస్‌తో శాటిలైట్‌ని పట్టుకోవాలంటే ఫోన్‌ని చేత్తో పట్టుకుని, అది చూపించిన దిక్కుకి తిప్పుతూ ఉండాలి. చెయ్యి విరిగి, చలికి వణుకుతూ, చెట్ల కింద పడి ఉన్న మనిషికి అది తేలిక కాదు. విడి పరికరమైతే బటన్ మీద మూత తీసి కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే చాలు, పక్కన పెట్టేసినా దానంతటది ప్రయత్నిస్తూనే ఉంటుంది.

విడి పరికరాల్లో రెండు జాతులున్నాయి, వీటిని చాలామంది కలిపేసుకుంటారు.

ఒకటి పీఎల్‌బీ, అంటే పర్సనల్ లొకేటర్ బీకన్. ఇది కోస్పాస్-సార్సాట్ అనే అంతర్జాతీయ వ్యవస్థకి 406 మెగాహెర్ట్జ్ మీద, 5 వాట్ల శక్తితో కేక వేస్తుంది. విమానాలు, ఓడలు వాడేది కూడా ఆ వ్యవస్థనే. 1982 నుంచి అది మనుషుల్ని కాపాడుతూ వస్తోంది. నెలవారీ డబ్బు లేదు. అమెరికాలో నోవా (వాతావరణం, సముద్రాల సంగతి చూసే ప్రభుత్వ సంస్థ) దగ్గర ఉచితంగా రిజిస్టర్ చేయించుకోవాలి. బ్యాటరీ ఐదారేళ్లు వాడకుండా ఉన్నా నిలిచి, నొక్కిన రోజు కనీసం 24 గంటలు పనిచేస్తుంది. కానీ మామూలు పీఎల్‌బీతో మీరు చెప్పగలిగింది ఒకే మాట: "నేను ఇక్కడ ఆపదలో ఉన్నాను." ఏమైందో చెప్పలేరు, వాళ్లు వస్తున్నారో లేదో తెలియదు, ఇంటికి ఏమీ చెప్పలేరు.

రెండోది శాటిలైట్ మెసెంజర్. గార్మిన్ ఇన్‌రీచ్, జోలియో ఇరీడియం ఉపగ్రహాల మీద నడుస్తాయి, స్పాట్ గ్లోబల్‌స్టార్ మీద. నెలకి సుమారు 15 డాలర్ల నుంచి ప్లాన్లు ఉంటాయి. వెళ్లే నెలకే తీసుకుని ఆపేయొచ్చు, తీసుకునే ముందు ఆ షరతు ఒకసారి చదువుకోండి. ఇరీడియంలో 66 ఉపగ్రహాలు భూమికి సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులో ధ్రువాల మీదుగా తిరుగుతుంటాయి. ఒక్కో చుట్టుకి 100 నిమిషాలు. మీ నెత్తి మీద ఒక్కొక్కటి పది నిమిషాల లోపే ఉండి కొండ వెనక్కి దిగిపోతుంది, ఇంకోటి వస్తుంది. ఈ సంగతి తెలిస్తే ఓపిక వస్తుంది. మెసేజ్ వెంటనే పోలేదంటే పరికరం పాడైందని కాదు, మీకు కనిపించే ఆకాశపు ముక్కలోకి ఉపగ్రహం ఇంకా రాలేదని. మీరు వెళ్లే పడమర వైపు అంతా లోతైన లోయలు, గుబురైన ముసలి చెట్లు. టహోమా క్రీక్ దగ్గర వేలాడే వంతెనకి అటూ ఇటూ అడవిలో నాకు ఒక మెసేజ్ పోవడానికి ఇరవై నిమిషాలు పట్టిన సందర్భం ఉంది. అదే పైన పచ్చిక మైదానంలో రెండు నిమిషాల్లో పోయింది. చెట్లు లేని చోటుకి యాభై అడుగులు జరగగలిగితే జరగండి. పరికరాన్ని ఒంటికింద, బండ పక్కన పెట్టకండి.

మీకు నా సలహా మెసెంజరే. ఎందుకంటే పదిహేనేళ్లలో నేను ఎస్ఓఎస్ నొక్కింది ఒక్కసారి. మామూలు మెసేజ్ వాడుకున్నది వందసార్లు. వాగు పొంగింది, ఒక రోజు ఆలస్యం, కంగారు పడొద్దు. లేదా, మోకాలు నొప్పిగా ఉంది, రేపు దగ్గరి రోడ్డు వైపు దిగుతాను, కారు తీసుకుని రా. ఇలాంటి మెసేజ్ పోకపోతే అవతల ఇంట్లోవాళ్లు భయపడి సెర్చ్ టీమ్‌ని పిలుస్తారు. లేదా ఇంట్లోవాళ్లు భయపడతారని ఇవతల మీరు పొంగిన వాగు దాటడానికి సాహసిస్తారు. ఈ రెండోది ఇంకా ప్రమాదం. రెయినియర్ మీద పెద్ద వాగులు చాలావరకు హిమానీనదాల నుంచి వచ్చేవే. ఎండ పెరిగేకొద్దీ మంచు కరిగి మధ్యాహ్నానికి నీళ్లు పెరుగుతాయి, తెల్లవారుజామున తగ్గుతాయి. దాటడానికి వేసిన దుంగ కొట్టుకుపోయి ఉంటే అక్కడే టెంట్ వేసుకుని పొద్దున్నే దాటడం తెలివైన పని. "రేపు వస్తాను" అని ఇంటికి చెప్పగలిగే మనిషి ఆ పని నిశ్చింతగా చేస్తాడు.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని సంగతి, మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది.

మీరు ఎస్ఓఎస్ నొక్కితే ఆ కబురు నేరుగా రెయినియర్ రేంజర్లకి పోదు. 24 గంటలూ పనిచేసే ఒక సెంటర్‌కి పోతుంది. వాళ్లు మీ లొకేషన్ చూసి, అక్కడ బాధ్యత ఎవరిదో వాళ్లకి చెప్తారు. నేషనల్ పార్క్ లోపలైతే పార్క్ రేంజర్లు, వాషింగ్టన్‌లో మిగతాచోట్ల ఆ కౌంటీ షెరిఫ్. అదే సమయంలో, మీరు అకౌంట్‌లో ఇచ్చిన ఎమర్జెన్సీ కాంటాక్టులకి ఫోన్ చేస్తారు. ఇతను నిజంగా కొండల్లో ఉన్నాడా, ఎంతమంది వెళ్లారు, ఆరోగ్య సమస్యలేమైనా ఉన్నాయా, ఏ రంగు టెంట్, కారు ఎక్కడ పెట్టాడు అని అడగడానికి. నాకు తెలిసిన ఒక కుర్రాడు అలవాటుగా ఆ రెండు గడుల్లోనూ గుంటూరులో ఉన్న అమ్మానాన్నల నంబర్లు ఇచ్చాడు. వీసా ఫారాల్లో రాసి రాసి చెయ్యి అటే పోయింది. అదృష్టవశాత్తూ వెళ్లేముందు అడిగి మార్పించాను. ఆలోచించండి: ఇక్కడ మధ్యాహ్నం రెండు అంటే వేసవిలో అక్కడ అర్ధరాత్రి దాటి రెండున్నర. నిద్రలో ఉన్న పెద్దవాళ్లకి తెలియని విదేశీ నంబర్ నుంచి ఫోన్, అవతల అమెరికన్ యాసలో ఇంగ్లీషు, మీ అబ్బాయి ఆపదలో ఉన్నాడని. ఈ రోజుల్లో వస్తున్న మోసపు కాల్స్‌కి అది అచ్చంగా అలాగే వినిపిస్తుంది, కట్ చేసేస్తారు. నమ్మితే గుండె ఆగినంత పని. వాళ్లు చెప్పగలిగే ఉపయోగపడే సంగతీ ఏమీ ఉండదు.

అందుకని కాంటాక్టులు ఇద్దరూ ఇక్కడివాళ్లే ఉండాలి. ఒకరు మీ ఆవిడ, ఇంకొకరు ఒక స్నేహితుడు. తెలియని నంబర్లు ఎత్తని అలవాటు మనందరికీ ఉంది కాబట్టి, ఆ ఐదు రోజులూ ఏ నంబర్ వచ్చినా ఎత్తమని ఇద్దరికీ చెప్పండి. తెలియని కాలర్లను మ్యూట్ చేసే సెట్టింగ్ ఉంటే తీసేయించండి. అకౌంట్‌లో మీ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు ఇంటిపేరుతో సహా ఉండి, అందరూ పిలిచేది వేరే అయితే అదీ రాయండి. అడవిలో మిమ్మల్ని వెతికేవాళ్లు మీ పేరు పెట్టి కేక వేస్తారు, అది మీరు పలికే పేరై ఉండాలి. షుగర్, ఆస్తమా, ఏదైనా మందు పడకపోవడం లాంటివి తప్పకుండా రాయండి.

మీ ఆవిడతో కూర్చుని ఒక అరగంట మాట్లాడండి. నేను ఈ పని చేయకుండానే మొదటిసారి పరికరం తీసుకెళ్లాను. పది నిమిషాలకోసారి నా లొకేషన్ ఇంటికి పంపే ట్రాకింగ్ పెట్టాను. రెండో రోజు సాయంత్రం నాలుగింటి నుంచి మ్యాప్ మీద నా చుక్క కదలడం మానేసింది. నేను లోయలోకి దిగాను, తర్వాత బ్యాటరీ మిగుల్చుకుందామని ట్రాకింగ్ ఆపాను. నాకు అది చాలా మామూలు విషయం. ఇంట్లో మా ఆవిడకి అది వాగు పక్కన ఆగిపోయిన చుక్క. ఆమె ఆ రాత్రంతా మేలుకుని, పొద్దున్నే రేంజర్ స్టేషన్‌కి ఫోన్ చేసింది. తప్పు పూర్తిగా నాదే. ధైర్యం ఇద్దామని తీసుకెళ్లిన వస్తువు, ముందుగా మాట్లాడుకోకపోవడం వల్ల ఆమెకి అంతకుముందెన్నడూ లేని భయాన్ని ఇచ్చింది.

అప్పటి నుంచి మా ఇంట్లో మూడు మాటలు ఖాయం. ఒకటి, చుక్క ఆగితే అర్థం ఏమీ లేదు. అడవి, లోయ, బ్యాటరీ, ఏదైనా కావచ్చు. రెండు, రోజూ రాత్రి టెంట్ వేశాక ఒక మెసేజ్ వస్తుంది. ఒక రాత్రి రాకపోయినా కంగారు వద్దు. మూడు, కాగితం మీద రాసిన గడువు. ఉదాహరణకి "ఆదివారం సాయంత్రం ఆరుకి కారు దగ్గర ఉండాలి. సోమవారం పొద్దున పది దాకా ఏ కబురూ లేకపోతే ఈ నంబర్‌కి ఫోన్ చెయ్యి" అని. ఆ కాగితం మీద నా దారి, క్యాంపుల పేర్లు, పర్మిట్ నంబర్, కారు నంబర్, టెంట్ రంగు ఉంటాయి. పరికరం పాడైనా, పోయినా, ఆ కాగితం పనిచేస్తుంది. నన్నడిగితే పరికరం కంటే ముందు కాగితం. అది ఉచితం కూడా.

పరికరం ఎక్కడ పెట్టుకుంటారన్నది కూడా ముఖ్యమే. బ్యాక్‌ప్యాక్ పై జిప్‌లో కాదు. కొన్నేళ్ల కిందట ఒక వాగు ఒడ్డున తడిసి వణుకుతున్న ఒక ఒంటరి హైకర్ కనిపించాడు. నీళ్లలో కాలు జారితే బ్యాగ్ లాగేస్తుందని నడుము పట్టీ ముందే విప్పుకున్నాడు, అది సరైన పనే. జారాడు, బ్యాగ్ వదిలేసి ఒడ్డుకి వచ్చాడు. బ్యాగ్‌తో పాటు శాటిలైట్ మెసెంజర్, స్లీపింగ్ బ్యాగ్, తిండి, అన్నీ పోయాయి. మేం ఆ దారిన రాకపోయుంటే ఆ రాత్రి అతనికి కష్టమయ్యేది. చాలామంది బ్యాగ్ భుజం పట్టీకి తగిలించుకుంటారు, ఫొటోల్లో అలాగే చూస్తాం. అది సిగ్నల్‌కి మంచిదే. వాగు దాటేటప్పుడూ, బ్యాగ్ దింపి నీళ్లకో, కాలకృత్యాలకో పక్కకి వెళ్లేటప్పుడూ మాత్రం దాన్ని ప్యాంటు జేబులోకి మార్చుకోండి. వంద గ్రాముల వస్తువు, బరువు అన్న మాటే లేదు. దాంతో పాటు అగ్గిపెట్టె, చిన్న టార్చ్ కూడా ఒంటిమీదే ఉండాలి.

ఎస్ఓఎస్ ఎప్పుడు నొక్కాలి అని అందరూ అడుగుతారు. ప్రాణం, చెయ్యి-కాలు, కంటిచూపు, వీటిలో ఏదైనా పోయే ప్రమాదం ఉండి, మీ అంతట మీరు బయటపడలేనప్పుడు. అలసిపోయాను, చీకటి పడింది, తిండి అయిపోయింది అంటే ఎస్ఓఎస్ కాదు, ఇంటికి మెసేజ్. దారి తప్పి, తడిసి, చలికి వణుకు ఆగట్లేదంటే అది ఎస్ఓఎస్. మనవాళ్లతో నేను చూసిన ఇబ్బంది అనవసరంగా నొక్కడం కాదు, నొక్కడానికి మొహమాటపడటం. బిల్లు ఎంత వేస్తారో, వీసాకి ఇబ్బందవుతుందేమో, ఇంతమందిని ఇబ్బంది పెట్టడమెందుకు అని ఆగుతారు. వాషింగ్టన్‌లో షెరిఫ్ తరఫున వచ్చే వాలంటీర్ బృందాలు డబ్బు అడగవు. నేషనల్ పార్కుల్లో వెతికినందుకు బిల్లు వేయరు. న్యూ హాంప్‌షైర్ లాంటి చోట నిర్లక్ష్యం ఉందని తేలితే ఖర్చు వసూలు చేసే చట్టం ఉంది, మీరు వెళ్లేది అక్కడికి కాదు. ప్రైవేట్ ఎయిర్ అంబులెన్స్ ఆసుపత్రికి తీసుకెళ్తే మాత్రం బిల్లు వస్తుంది, అది మీ హెల్త్ ఇన్సూరెన్స్ విషయం. ఇక వీసా. సాయం అడగడం నేరం కాదు. మధ్యాహ్నం మూడింటికి పిలిస్తే వెలుతురులో బయలుదేరగలిగిన వాళ్లని, మొహమాటంతో రాత్రి తొమ్మిదికి పిలిస్తే చీకట్లో అదే ప్రమాదపు దారిన నడిపిస్తున్నాం. వాళ్ల గురించి ఆలోచించినా తొందరగా పిలవడమే న్యాయం.

నొక్కాక కదలకండి. ఆఫ్ చేయకండి. వచ్చిన ప్రతి ప్రశ్నకీ జవాబు ఇవ్వండి. ఇన్‌రీచ్ లాంటి వాటిలో మెసేజ్‌కి సాధారణంగా 160 అక్షరాలే కాబట్టి ముందు అవసరమైనవే ఇంగ్లీషులో రాయండి: ఏ దెబ్బ, నడవగలరా, ఎంతమంది, టెంట్-స్లీపింగ్ బ్యాగ్ ఉన్నాయా, అక్కడ వాతావరణం ఎలా ఉంది. పరిస్థితి చక్కబడితే క్యాన్సిల్ చేసి, ఎందుకు చేశారో చెప్పండి. ఊరికే మౌనంగా నడిచి వెళ్లిపోతే మీ కోసం మనుషులు రాత్రంతా వెతుకుతారు.

ఇంకో మాట, ఇది మీకు కాస్త కఠినంగా అనిపించొచ్చు. పరికరం ఉందన్న ధైర్యంతో బ్యాగ్‌లో మిగతావి తగ్గించకండి. 2018లో ఆమె పక్కన మేం ఎనిమిది గంటలు కూర్చున్నాం అన్నాను కదా. ఆ ఎనిమిది గంటలూ ఆమెని కాపాడింది ఉపగ్రహం కాదు. కింద పరిచిన మ్యాట్, పొడి బట్టలు, వాన కోటు, వేడి నీళ్లు, నొప్పి మాత్ర. మీరు ఒంటరి, పక్కన కూర్చునేవాళ్లు ఉండరు. కదలలేని స్థితిలో ఒక రాత్రంతా చలిని తట్టుకోగలిగే సామాను మీ బ్యాగ్‌లో ఉందా అని చూసుకోండి. ఆగస్టులో కూడా రెయినియర్ మీద రాత్రి వాన, చలి గాలి మామూలే. బ్యాటరీ విషయం తేలికే: నింపిన పరికరం ఐదు రోజులకి సరిపోతుంది, అయినా ఒక పవర్ బ్యాంక్, ఆ పరికరానికి పట్టే కేబుల్ పెట్టుకోండి. దట్టమైన అడవిలో మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ అది చార్జింగ్ ఎక్కువ తింటుంది.

ఇక ఇండియా. ఇక్కడ నేను ఎంత గట్టిగా చెప్పినా తక్కువే. లైసెన్స్ లేకుండా శాటిలైట్ ఫోన్ గానీ, ఇలాంటి మెసెంజర్ గానీ భారత్‌లో దగ్గర ఉంచుకోవడం నేరం. ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం, టెలిగ్రాఫ్ చట్టం కింద కేసులు పెడుతూ వచ్చారు. 2008 ముంబై దాడుల్లో ఉగ్రవాదులు శాటిలైట్ ఫోన్లు వాడాక నిఘా ఇంకా బిగిసింది. 2024 డిసెంబర్‌లో గోవా విమానాశ్రయంలో ఒక కెనడా మహిళను సరిగ్గా ఇన్‌రీచ్ పరికరంతోనే పట్టుకున్నారు. ఆమె దాన్ని దాచుకోలేదు, తప్పని తెలియకే సెక్యూరిటీ ట్రేలో పెట్టింది. చెక్-ఇన్ బ్యాగ్‌లో వేస్తే సరిపోతుందని, ఆఫ్ చేసి ఉంచితే ఫర్వాలేదని ఎవరైనా చెప్తే నమ్మకండి. అమెరికా పౌరసత్వం ఉన్నా ఇదే. నేపాల్ వెళ్తూ ఢిల్లీలో విమానం మారేవాళ్లు కూడా జాగ్రత్తగా ఉండాలి. మీ ఐఫోన్ తీసుకెళ్లడానికి ఇబ్బంది లేదు, కానీ అందులోని శాటిలైట్ ఎస్ఓఎస్ ఇండియాలో పనిచేయదు.

అంటే ఉత్తరాఖండ్‌లో మీకు ఉపగ్రహాల సాయం లేనట్టే. అక్కడ ఒంటరిగా వెళ్లకండి, అంతే. 2024 జూన్‌లో సహస్త్రతాల్ ట్రెక్‌కి వెళ్లిన 22 మంది కర్ణాటక బృందం మంచు తుఫానులో చిక్కుకుంటే 9 మంది చనిపోయారు, మిగతావాళ్లలో చాలామందిని హెలికాప్టర్లతో తెచ్చారు. గైడ్లున్న బృందానికే అలా జరిగింది. అలాంటి చోట కబురు బయటికి రావాలంటే ఎవరో ఒకరు సిగ్నల్ ఉన్న చోటికి దిగి రావాల్సిందే, 2013లో నేను నడిచినట్టే. అందుకే ట్రెక్ నడిపేవాళ్లని డబ్బు కట్టకముందే అడగండి: మీ బృందంలో ఎవరికైనా ప్రమాదం జరిగితే కిందికి కబురు ఎవరు తెస్తారు, ఎంతసేపు పడుతుంది, అనుమతి ఉన్న వైర్‌లెస్ సెట్ ఏదైనా ఉందా, ఆక్సిజన్ సిలిండర్ మోసుకొస్తారా, వాతావరణం బాగోలేకపోతే వెనక్కి తిప్పే నిర్ణయం ఎవరిది? సూటిగా జవాబు ఇవ్వలేనివాళ్లతో వెళ్లకండి.

ఆగస్టు ట్రిప్‌కి తిరిగి వస్తే, పరికరం చేతికొచ్చాక మొదటి టెస్ట్ ట్రయల్‌హెడ్ దగ్గర చేయకండి. ప్లాన్ యాక్టివేట్ కాలేదని, కొత్త సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడుగుతోందని లాంగ్‌మైర్ దగ్గర నిలబడి తెలుసుకుంటే చేయగలిగేది ఏమీ ఉండదు. వచ్చే శనివారం దగ్గర్లోని ఏదైనా గుబురు చెట్ల పార్కుకి వెళ్లండి. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మీ ఆవిడకి ఒక మెసేజ్ పంపి, ఆమె జవాబు వచ్చేదాకా ఆగండి. తర్వాత పరికరాన్ని ఫోన్‌తో కలపకుండా, దాని బటన్లతోనే ఇంకో మెసేజ్ రాసి పంపండి. ఎస్ఓఎస్ బటన్ మూత ఎలా తెరుచుకుంటుందో నొక్కకుండా చూసుకోండి, ఎడమ చేత్తో ఒకసారి, కుడి చేత్తో ఒకసారి. ఆ మెసేజ్ పోవడానికి ఎంతసేపు పట్టిందో మీ ఆవిడ కూడా చూస్తారు. గోల్డెన్ లేక్స్ దగ్గర రాత్రి మీ కబురు నలభై నిమిషాలు ఆలస్యమైతే ఆమెకి అది గుర్తుంటుంది.